బ్యాంకు రుణానికి వెళ్లేముందు చిన్న వ్యాపారులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇవన్నీ దరఖాస్తుకు రెండు మూడు నెలల ముందే చూసుకోవాలి. తర్వాత సరిదిద్దడం కష్టం.

• క్రెడిట్ రిపోర్టు (మీ అప్పులు, వాటి చెల్లింపుల చరిత్ర) తెప్పించుకోండి. ఈ రిపోర్టులు తయారుచేసే సిబిల్ వంటి ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయండి. బంధువుల అప్పుకు మీరు హామీ ఉన్నా అదీ అందులో కనిపిస్తుంది.

• లెక్కలు ఒకదానితో ఒకటి కలవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. జీఎస్టీ రిటర్నుల్లోని అమ్మకాలు, ఆదాయపు పన్ను రిటర్నులోని లాభం, కరెంటు ఖాతాలోని జమలు పక్కపక్కన పెట్టి చూస్తారు. పన్ను మిగుల్చుకోవడానికి అమ్మకాలు తగ్గించి చూపితే అప్పూ అంతే తగ్గుతుంది. 5 కోట్ల రూపాయల లోపు నిర్వహణ మూలధనానికి (సరుకు, రోజువారీ ఖర్చులకు కావలసిన డబ్బు), ఏడాది అమ్మకాల అంచనాలో కనీసం 20 శాతాన్ని అప్పుగా లెక్కగట్టే పద్ధతి ఉంది. అలాగని అంచనాను ఊహించి పెంచకండి. చేతిలో ఉన్న ఆర్డర్లు, నిరుటి అమ్మకాలు చూపించగలిగితేనే మేనేజరు నమ్ముతారు.

• చెక్కులు, వాయిదాలు బౌన్సు కాకుండా చూసుకోండి.

• ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉచితం. దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

• సూక్ష్మ, చిన్న సంస్థలకు 2026 ఏప్రిల్ నుంచి మంజూరయ్యే రుణాల్లో 20 లక్షల వరకు (అంతకుముందు 10 లక్షలు) తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఎవరైనా ఇంటి పత్రాలు అడిగితే ఈ మాట ధైర్యంగా గుర్తుచేయండి.

• ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి. ప్రతి విచారణా రిపోర్టులో నమోదవుతుంది.

• ఖాళీ ఫారాల మీద సంతకం చేయకండి, ఎంత తెలిసినవారు అడిగినా సరే.