సోల్డరింగ్‌లో చిన్న పార్టులు కదలకుండా పట్టుకోవడం

60/40 లెడ్ (60 వంతుల తగరం, 40 వంతుల సీసం కలిసిన సోల్డర్) 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై 190 దాకా వెళ్తేగానీ పూర్తిగా కరగదు. చల్లారేటప్పుడు ఈ మధ్యలో గట్టిపడీ పడనట్టు ఉంటుంది. అప్పుడు వైరు కాస్త కదిలినా జాయింటు గరుకుగా తేలి లోపల పగుళ్లు పడతాయి. ఆ రెండు మూడు సెకన్లు పార్టును చేత్తో పట్టుకోవడం మీద నమ్మకం పెట్టుకోకండి.

పార్టును పట్టుకునే స్టాండు ఇంట్లోనే చేసుకోవచ్చు, చవక రెడీమేడ్ స్టాండ్లకంటే అదే మేలు. వాటి కీళ్లు త్వరగా వదులైపోతాయి. బరువైన చెక్క దిమ్మెకు 3 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేసి, 10 గేజు కాపర్ తీగను 20 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోసి వాటిలో దిగ్గొట్టండి. పై చివర్లకు క్రోకొడైల్ క్లిప్పులు పెట్టి, వాటి తోకను ప్లయర్‌తో నొక్కి బిగించండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతికిద్దామంటే కుదరదు, లావు తీగ వేడినంతా లాగేస్తుంది. క్లిప్పు పళ్లకు హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగండి. లేకపోతే వైరు తోలు చీలుతుంది, పట్టుకున్న చోట వేడీ పోతుంది. క్లిప్పు జాయింటుకు సెంటీమీటరు దూరంలో ఉండాలి.

హెడ్‌ఫోన్ జాక్‌ను క్లిప్పుతో కాకుండా పాత సాకెట్‌లో గుచ్చి పట్టించండి. వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడ్డా పిన్ను పక్కకు జరగదు. వైరుకూ, జాక్‌లో అది అతికే రేకు ట్యాగుకూ ముందే విడివిడిగా లెడ్ పట్టిస్తే ఒక్క సెకనులో అతుకుతుంది.

0603 సైజు (సుమారు 1.6 × 0.8 మిల్లీమీటర్లు) లాంటి చిన్న పార్టుకైతే బోర్డు మీద అది అతికే రెండు రాగి ప్యాడ్లలో ఒకదానికే లెడ్ పెట్టండి. ట్వీజర్‌తో పార్టును ఆనించి, లెడ్ కరిగించి, ముందు ఐరన్ తీయండి. గట్టిపడ్డాకే ట్వీజర్ వదలండి. ఆ తర్వాతే రెండో వైపు. పార్టు ట్వీజర్‌కే అంటుకుపోతుంటే ట్వీజర్‌కు అయస్కాంతం పట్టిందన్నమాట: ఈ పార్టుల చివర్లలో నికెల్ పొర ఉంటుంది. అయస్కాంతం పట్టని స్టీలు ట్వీజర్ వాడండి.

పిన్ హెడర్‌ను (వరుసగా పిన్నులుండే కనెక్టర్‌ను) వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో అంటించి, మొదట ఒక చివరి పిన్ మాత్రమే అతికించండి. వంకరగా ఉంటే ఆ ఒక్కదాన్ని కరిగించి సరిచేయడం తేలిక. అన్నీ అతికాక సరిచేయబోతే ప్యాడ్లు లేచిపోతాయి. సెల్లోటేపు వద్దు, వేడికి కరిగి జిగురు బోర్డు మీదే ఉండిపోతుంది.