రివాల్వరును రొంటిన దోపుకోకండి

గత నెలలో శంషాబాద్ వైపు ఒక ఫంక్షన్ హాలు పార్కింగులో, నాకు బాగా తెలిసిన స్థలాల వ్యాపారి తొడలోకి ఆయన రివాల్వరే పేలింది. మేనకోడలి పెళ్లి అని కుర్తా పైజామా వేసుకున్నారు. పైజామాకు బొందే తప్ప బెల్టు ఉండదు, బెల్టు లేకపోతే ఒర నిలవదు. అందుకని ఒరను ఇంట్లో వదిలేసి రివాల్వరును బొందులో దోపుకున్నారు. కారు దిగుతుంటే అది జారింది, కిందపడకుండా గబుక్కున పట్టుకున్నారు, ఆ పట్టులో వేలు ట్రిగ్గరు మీద పడింది. ప్రాణం దక్కింది కానీ, ఇప్పుడు కర్ర లేకుండా నడవలేరు.

2024 అక్టోబరు 1న తెల్లవారుజామున ముంబైలో హిందీ నటుడు గోవింద కాలికి తూటా తగిలింది కూడా సొంత లైసెన్సు రివాల్వరు నుంచే. ప్రయాణానికి బయలుదేరే ముందు జరిగిన ప్రమాదం అది.

పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యాను. లైసెన్సు ఉన్నవాళ్లు ఇప్పటికీ నా దగ్గరకు వచ్చి, ఎక్కడ పెట్టుకుంటే సుఖంగా ఉంటుందని అడుగుతుంటారు. ముహూర్తాలు మొదలయ్యాయి కాబట్టి ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. తుపాకీని పిల్లలకు అందనివ్వకూడదని, మనుషుల వైపు తిప్పకూడదని మీకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఒర లేని తుపాకీ ఒంటి మీద ఉండకూడదు.

ఎక్కడ పెట్టుకోవాలి

కుడిచేతివాటం వారికి కుడి తుంటి ఎముక దగ్గర, కొద్దిగా వెనక్కి. కూర్చున్నా, మెట్లెక్కినా బరువును ఎముక మోస్తుంది, చొక్కా కప్పేస్తుంది. పొట్ట ముందు పెట్టుకుంటే కూర్చున్నప్పుడు గొట్టం తొడ వైపు తిరుగుతుంది. అక్కడే పెద్ద రక్తనాళం ఉంది, పొట్ట ఉన్నవారికి పిడి కూడా గుచ్చుకుంటుంది. వీపు మధ్యలో వద్దే వద్దు. బండి మీద నుంచి వెల్లకిలా పడితే ఆ ఇనుము వెన్నుపూస మీద పడుతుంది. చంక కింద ఒరలో అడ్డంగా పెడితే గొట్టం మీ వెనుక నిలబడిన మనిషిని చూస్తూ ఉంటుంది. జేబులో పెట్టాలంటే జేబుకని చేసిన ఒర ఉండాలి, ఆ జేబులో తాళంచెవి కాదు కదా చిల్లర పైసా కూడా ఉండకూడదు.

ఒర, బెల్టు

సుఖం తుపాకీ నుంచి రాదు, బెల్టు నుంచి వస్తుంది. ఇది చాలామంది నమ్మరు. నడుము నొప్పి అంటూ వచ్చినవారిలో ఎక్కువమంది ఆఫీసు ప్యాంటుకు పెట్టుకునే పలచని బెల్టుతో వచ్చినవారే. అంగుళంన్నర వెడల్పున, మెలితిప్పినా వంగని మందమైన బెల్టు కొనండి. ఒరను ప్యాంటు లోపల పెట్టుకునేవారు నడుము కొలత రెండంగుళాలు పెంచి కుట్టించుకోండి. అప్పుడు ఒరను ఇంట్లో వదిలేయాలనే ఆలోచనే రాదు. ఆ స్థలాల వ్యాపారి ఒరను వదిలేసింది నిర్లక్ష్యంతో కాదు, బట్టలకు కుదరక.

ట్రిగ్గరు పూర్తిగా మూసుకుపోయే ఒర మాత్రమే ఒర. హామరు (తూటాను పేల్చే వెనకవైపు సుత్తి) లాగకుండా ఉంటే రివాల్వరు ట్రిగ్గరు చాలా బిగువు కాబట్టి దానంతట అది పేలదని ధీమాగా చెబుతారు. నిజమే. కానీ జారిపోతున్న తుపాకీని పట్టుకునే చేతికి ఆ బిగువును మించిన బలం వస్తుంది. ఒరలో ఉంటే అది జారదు, జారినా వేలికి ట్రిగ్గరు దొరకదు.

పాత తోలు ఒరలతో ఇంకో చిక్కు ఉంది. మెత్తబడిన అంచు లోపలికి మడత పడి, తుపాకీని తిరిగి పెట్టేటప్పుడు ట్రిగ్గరు గూట్లోకి దూరి దాన్ని నొక్కేస్తుంది. చొక్కా అంచు, జర్కిన్ తాడు కూడా అదే పని చేస్తాయి. బయటకు తీయడం కంటే లోపల పెట్టడమే ప్రమాదం. మరో చేత్తో చొక్కా పైకి ఎత్తి, కళ్లతో చూస్తూ, నిదానంగా పెట్టండి.

వేసవిలో మన ఊరి చెమటకు తోలు తడిసి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. రాత్రి ఒరలోనుంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్క రాసి దాచండి.

చట్టం

2016 ఆయుధ నిబంధనల్లో 32వది చదవండి. బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒంటికి తగిలించిన ఒరలోనో, వీపు సంచి వంటి దానిలోనో ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. అంటే రొంటిన దోపుకోవడం ప్రమాదమే కాదు, నిబంధనకు విరుద్ధం కూడా. పెళ్లి ఊరేగింపులో సరదాకు పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

కొత్త ఒరను కొన్న రోజే బయటకు వెళ్లకండి. తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టి, ఖాళీ తుపాకీతో వారం రోజులు ఇంట్లోనే తిరగండి. నేల మీద కూర్చుని భోంచేయండి, చెప్పుల కోసం వంగండి, కారెక్కి సీటుబెల్టు పెట్టుకోండి. గుచ్చుకుంటే ఒరను అంగుళం జరపండి, ఒరను మాత్రం తీసేయకండి.

పిస్టల్ మ్యాగజైను (తూటాల పెట్టె) తీస్తే ఖాళీ అయినట్టు కాదు. గొట్టం మొదట్లో ఉండే ఛాంబరులో ఒకటి ఉండిపోవచ్చు. పైభాగాన ఉండే స్లైడును వెనక్కి లాగి కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి.

పాతకాలపు రివాల్వరైతే హామరు కింది తూటా గది ఖాళీగా ఉంచండి. కింద పడితే హామరుకు తగిలిన దెబ్బకే పేలేవి వాటిలో ఉన్నాయి.

చేజారిందా, పడనివ్వండి. పట్టుకోవద్దు. మళ్లీ చెబుతున్నాను, పట్టుకోవద్దు.

కారులో కూర్చుని సర్దుకోవద్దు. డాష్‌బోర్డులో వదలొద్దు. కారు పార్కు చేసే వ్యాలే కుర్రవాడికి తాళాలిచ్చాక గుర్తొస్తే అప్పటికే ఆలస్యం.

మరుగుదొడ్డిలో ఫ్లష్ ట్యాంకు మీద పెట్టొద్దు, అక్కడే మరిచిపోతారు. ఒరతో సహా ప్యాంటులోనే, మోకాళ్ల దగ్గర ఉంచండి.

మద్యం ఉన్నచోటికి తీసుకెళ్లొద్దు. మెట్రోకు వద్దు. విమానాశ్రయానికి వెళ్లే ముందు సంచులన్నీ వెదకండి, అడుగున ఒక్క తూటా ఉన్నా అక్కడే ఆపేస్తారు. ఎన్నికల నియమావళి వచ్చి పోలీసులు జమ చేయమంటే స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకోండి.

బావమరిది చూస్తానన్నా తీసి చూపించొద్దు.

పెళ్లికి తీసుకెళ్లొద్దు. బెల్టు లేని బట్టలు వేసుకున్న రోజు తుపాకీ బీరువాలో తాళం వెనుకే ఉండాలి. బొందులో కాదు, కుర్తా జేబులో కాదు, భార్య చేతిసంచిలో కాదు. ఒర లేకపోతే తుపాకీ లేదు.

ఇంత చెప్పినా పేలితే, గుడ్డ మడిచి గాయం మీద ఒంటి బరువంతా వేసి నొక్కి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. పక్కనున్నవారు 108కు ఫోను చేయాలి. తుపాకీని ఎవరూ ముట్టుకోకుండా ఒక మనిషిని కాపలా పెట్టి, పోలీసులకు మీరే ముందుగా చెప్పండి.