పికప్ ఖర్చు కరెంటు బిల్లులో కనపడదు

3.8 సెకన్లలో వంద అందుకునే ఎలక్ట్రిక్ కారు కొన్నా మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" అనే. అడగాల్సిందే. కానీ ఒక్క చార్జింగ్‌కు కంపెనీ చెప్పే 580 కిలోమీటర్లు దానికి జవాబు కాదు. కోలారు జిల్లా నరసాపుర పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి తయారీ ఖర్చుల లెక్కలు చూడటం నా ఉద్యోగం. బెంగళూరు కాడుగోడిలోని ఇంటి నుంచి రానుపోను డెబ్బై కిలోమీటర్ల పైమాటే. కారు బీవైడీ సీల్ పర్ఫార్మెన్స్: 82.56 యూనిట్ల బ్యాటరీ, 530 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఖాళీగానే 2,185 కిలోలు. ఫ్యాక్టరీలో ఒక్కో పీసుకు ఖర్చు తీసినట్టే దీనికి కిలోమీటరుకు ఎంతో తీస్తాను. మీది కియా ఈవీ6 అయినా ఇంకోటైనా పద్ధతి ఇదే.

ముందు కొలత. డ్యాష్‌బోర్డు మీద కనిపించే "వంద కిలోమీటర్లకు ఇన్ని యూనిట్లు" బ్యాటరీలోంచి ఖర్చయిన కరెంటు. మనం డబ్బు కట్టేది గోడలోంచి వచ్చిన కరెంటుకు. గోడలోని ఏసీ కరెంటును బ్యాటరీకి కావాల్సిన డీసీగా మార్చడంలోనూ, చార్జింగ్ అవుతున్నంతసేపు కారు మేలుకుని ఉండటంలోనూ దాదాపు పదో వంతు పోతుంది. అందుకని చార్జింగ్ పాయింట్‌కు ఒక సబ్‌మీటర్ (దాని వాడకం ఒక్కటే చూపే చిన్న మీటర్) పెట్టించండి. ఒకటో తారీకున మీటర్ రీడింగు, ఓడోమీటర్ రీడింగు రెండూ ఫోన్లో ఫొటో తీసుకోండి. మళ్లీ ఒకటో తారీకున ఇంకో రెండు ఫొటోలు. తీసివేత, భాగహారం వస్తే చాలు, ఏ యాప్ అక్కర్లేదు. నా కారు డ్యాష్‌బోర్డులో 16, 17 చూపిస్తే మీటర్ దగ్గర 18, 19 అవుతుంది.

ఇప్పుడు బెంగళూరుకు కరెంటిచ్చే సంస్థ బెస్కాం బిల్లు. 2025-26 టారిఫ్ ప్రకారం ఇంటి కరెంటు యూనిట్ 5.80 రూపాయలు. సర్‌చార్జీ, పన్ను కలిపి నేను 7 వేసుకుంటాను. చాలామంది ఇక్కడితో ఆపేసి "కిలోమీటరుకు రూపాయి పావలా" అని మురిసిపోతారు. ఫిక్స్‌డ్ చార్జీ సంగతి మర్చిపోతారు. అదే టారిఫ్‌లో, మంజూరైన లోడ్‌లో (కనెక్షన్‌కు ఒప్పుకున్న గరిష్ఠ వాడకంలో) ఒక్కో కిలోవాట్‌కు నెలకు 145 రూపాయలు. 7 కిలోవాట్ల చార్జర్ కోసం లోడ్ పెంచుకుంటే, కారు కదిలినా కదలకపోయినా నెలకు 1,015 రూపాయలు. అదే 3.3 కిలోవాట్ల చార్జర్ అయితే 480 లోపే. రాత్రి పది గంటలు పెడితే అదే 170 కిలోమీటర్లకు సరిపడా ఎక్కిస్తుంది. మెల్లగా ఎక్కినప్పుడు వృథా కాస్త పెరిగే మాట నిజమే, అయినా లెక్కలో ఇదే గెలుస్తుంది. నెలకు 1,500 కిలోమీటర్లకు నాకు గోడ దగ్గర 280 యూనిట్లు, అంటే 1,960 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ కలిపితే కిలోమీటరుకు రూపాయి అరవై పైసలు దాటుతుంది. పెద్ద చార్జర్ అయితే రెండు రూపాయలకు దగ్గర.

కర్ణాటక ప్రభుత్వ పథకం గృహజ్యోతి కింద కరెంటు ఉచితంగా వస్తున్న ఇల్లయితే ఇంకో సంగతి. ఆ పథకం నెలకు 200 యూనిట్ల లోపే. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఇంటికి 150 యూనిట్లు ఉచితంగా వాడుతున్నవాళ్లు అదే మీటర్ మీద కారు పెడితే, కారు యూనిట్లతో పాటు ఆ 150 కూడా బిల్లులోకి వస్తాయి. ఆ వెయ్యి రూపాయలనూ కారు ఖాతాలోనే రాయాలి. (ఇంత కారు కొన్నవాళ్లకు గృహజ్యోతి ఎందుకని అడక్కండి, మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు.) ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్‌కు బెస్కాం దగ్గర విడి టారిఫ్ ఉంది. విడి మీటర్ గురించి అడగండి. అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడేటప్పుడు "నా మీటర్, నా కేబుల్, నా ఎమ్‌సీబీ, నా ఎర్తింగ్" అని మొదలుపెట్టండి (ఎమ్‌సీబీ అంటే లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చార్జర్లు మామూలుగా పనే మొదలుపెట్టవు, కాబట్టి ఎలక్ట్రీషియన్ దగ్గర పిసినారితనం వద్దు.

నడపడం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. సిగ్నల్ దగ్గర గట్టిగా తొక్కితే కరెంటు తాగేస్తుందని భయపడతారు. మనుషులతో సహా రెండుంబావు టన్నుల పైన ఉన్న బండిని వందకు చేర్చడానికి కావాల్సిన శక్తి పావు యూనిట్. నాలుగు సెకన్లలో చేర్చినా, పదిహేను సెకన్లలో చేర్చినా ఆ పావు యూనిట్ తప్పదు. గట్టిగా తొక్కినప్పుడు మోటార్ల వేడి కింద పోయేది కొంచెమే. ఆగేటప్పుడు ముందే కాలు తీసేసి రీజెనరేషన్‌తో (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపే పద్ధతితో) ఆగితే అందులో సగానికి పైగా వెనక్కి వస్తుంది. బ్రేకు మీద గట్టిగా నిలబడితే పోతుంది. కాబట్టి చూసుకోవాల్సింది ఎలా ఆగుతున్నారన్నది.

వేగం సంగతి వేరు. గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుంది: 90 దగ్గర ఉన్నదానికి 120 దగ్గర ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హొస్కోటె నుంచి బేతమంగల దాకా తెరిచిన కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద నా కారు 90లో వంద కిలోమీటర్లకు 15 యూనిట్ల చుట్టూ, 120లో 20 చుట్టూ తింటుంది. ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీద డెబ్బై కిలోమీటర్లకు తేడా మూడున్నర యూనిట్లు. ఇంటి కరెంటు అయితే పాతిక రూపాయలు. పన్నెండు నిమిషాలు మిగులుతాయి. పాతిక రూపాయలకు పన్నెండు నిమిషాలు వస్తే తీసుకోండి అంటాను నేను. అదే దారిలో ఫాస్ట్ చార్జర్ మీద ఆధారపడే రోజైతే 95 దాటను.

ఎందుకంటే బయటి ఫాస్ట్ (డీసీ) చార్జర్‌లో యూనిట్ ఎక్కువగా 18 నుంచి 25 రూపాయల మధ్య ఉంటుంది. యాప్‌లో కనిపించే రేటు మీద 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే చూసుకోండి. 22 చొప్పున వేసుకుంటే కిలోమీటరుకు నాలుగు రూపాయలు, ఇంటి లెక్కకు రెండున్నర రెట్లు. లీటరుకు తొమ్మిది ఇచ్చే పెట్రోల్ స్పోర్ట్స్ సెడాన్‌తో పోలిస్తే ఇదీ చవకే. 103 రూపాయల పెట్రోలుకు దానికి పదకొండు దాటుతుంది. బెంగళూరు నుంచి తిరుపతికి ములబాగిలు, పలమనేరు, మొగిలి ఘాట్ మీదుగా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 దగ్గర. నిండా మనుషులతో తిరిగొచ్చేటప్పుడు ఆ ఎత్తు ఎక్కడానికే దాదాపు ఐదు యూనిట్లు, అంటే ముప్పై కిలోమీటర్ల రేంజ్. వెళ్లేటప్పుడు ఖర్చయిన బ్యాటరీ శాతం లెక్కతో తిరుగు ప్రయాణం మొదలుపెడితే పలమనేరు దగ్గర టెన్షన్ మొదలవుతుంది.

ఇక అసలు ఖర్చు: టైర్లు. 235/45 ఆర్19 సైజు. ఒక్కోటి పాతిక వేలు వేసుకుంటే నాలుగూ కలిపి లక్ష. నలభై వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు రెండున్నర. పాతిక వేలకే అరిగిపోతే నాలుగు. ఏ విధంగా చూసినా ఇంటి కరెంటు కంటే రబ్బరుకే ఎక్కువ. సిగ్నల్ దగ్గర తొక్కిన తొక్కుడుకు బిల్లు వచ్చేది ఇక్కడ. వెనక మోటారుకు ముందుదాని కంటే బలం ఎక్కువ కాబట్టి వెనక టైర్లు ముందు అరుగుతాయి. నాలుగూ ఒకే సైజు గనక ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి మార్పించండి.

వైట్‌ఫీల్డ్‌లో హోప్ ఫారం దగ్గర టైర్ షాపులో కోలారు కుర్రాడు చూపించిన పద్ధతి నేనిప్పుడు అందరికీ చెబుతున్నాను. "మేడమ్, గేజీ తర్వాత, ముందు చెయ్యి పెట్టండి" అన్నాడు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టైరు లోపలి అంచు మీద అరచేతిని అడ్డంగా రాయాలి. ఒకవైపు రాస్తే నున్నగా, వెనక్కి రాస్తే రంపంలా గరుకుగా తగిలితే అలైన్‌మెంట్ పోయిందన్నమాట. బయటినుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే ఉంటుంది. మన గుంతల రోడ్లలో ఇది ఎప్పుడైనా రావచ్చు, నెలకోసారి చెయ్యి పెట్టడానికి నిమిషం పట్టదు. గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం. టైరు మార్చేటప్పుడు లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) పాతదానికి తక్కువ కాకుండా చూడండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు తక్కువ బరువు మోసే టైరు వేయించేవాళ్లు ఉన్నారు.

మిగతావి చిన్నవి. ట్రాఫిక్ జామ్‌లో ఏసీ గంటకు ఒక యూనిట్ దాకా లాగుతుంది. ప్లగ్గు తీయకముందే క్యాబిన్ చల్లబరచుకుంటే కొంత కలిసొస్తుంది. సీల్‌లోలాగా ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ అయితే వారానికోసారి వంద దాకా ఎక్కించండి, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. ఎన్‌ఎమ్‌సీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం అయితే రోజువారీకి 80 శాతం చాలు. ఇంజనాయిల్ లేదు గానీ బ్రేక్ ఆయిల్, కూలెంట్, క్యాబిన్ ఫిల్టర్ ఉన్నాయి. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం తక్కువే, కానీ ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టం) భాగం కారు ఖరీదును బట్టి ఉంటుంది. కాబట్టి రెన్యువల్‌కు నెల ముందే రెండు మూడు చోట్ల కొటేషన్ తీసుకుని, టైర్ కవర్, బ్యాటరీ కవర్ ధరలు విడివిడిగా రాసివ్వమని అడగండి.