చౌడు మడిలో జిప్సం వేసినా వరి నిలవడం లేదా?

నాటిన వరి అక్కడక్కడా మచ్చలుగా చనిపోతుంటే ముందు అది ఏ చౌడో తేల్చుకోండి. జిప్సం దండగయ్యేది ఎక్కువగా ఇక్కడే.

పైన తెల్లటి ఉప్పు పొర, కింద గుల్లగా మట్టి: ఇది తెల్ల చౌడు. భూసార పరీక్షలో పీహెచ్ (క్షారత కొలత) 8.5 లోపు, ఈసీ (ఉప్పు కొలత) 4 పైన ఉంటుంది. దీనికి జిప్సం అక్కర్లేదు. మడిని చదును చేసి, గట్టు వేసి, మంచి నీళ్లు నిలగట్టి, ఉప్పును కిందికి దింపి మురుగు కాలువలోకి పంపాలి. రెండు మూడు దఫాలు చేయండి.

ఎండితే రాయిలా, తడిస్తే జారుడుగా, నీరు ఇంకకుండా ఉంటే: కారు చౌడు. పీహెచ్ 8.5 దాటుతుంది. మట్టి రేణువులను పట్టుకున్న సోడియం వాటిని విడదీసి, నీరు దిగే సందులు మూసేస్తుంది.

ఇంటి దగ్గరే చూడొచ్చు. బఠాణీ గింజంత ఎండు మట్టిగడ్డను గ్లాసెడు వాననీటిలో వేసి, కదపకుండా రెండు గంటలు ఉంచండి. గడ్డ చుట్టూ నీరు మబ్బుగా మారితే సోడియం ఉన్నట్టే. బోరు నీళ్లు వాడొద్దు, అందులోని ఉప్పు వల్ల మబ్బు రాదు. ఉప్పు, సోడియం రెండూ ఉన్న నేలలోనూ నీరు తేటగా కనబడవచ్చు కాబట్టి భూసార పరీక్ష తప్పదు. ఎకరాకు ఎంత జిప్సమో అదే చెబుతుంది. నేలను బట్టి రెండు టన్నుల నుంచి ఐదారు టన్నుల దాకా పడుతుంది.

కారు చౌడే, జిప్సమూ వేశాం, అయినా ఫలితం లేదంటే: నీటిని బయటికి తీయకపోవడమే సాధారణ కారణం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది. అది నీటిలో కరిగి పోయే దారి లేకపోతే మళ్లీ మట్టికే అంటుకుంటుంది. లోతుగా దున్నినా జిప్సం పలచబడి దండగే. కాబట్టి మడిని చదును చేసి, జిప్సం సమంగా చల్లి, పై 10 సెంటీమీటర్లలోనే కలపండి. 10-15 రోజులు నీళ్లు నిలగట్టి మురుగు కాలువలోకి వదిలేయండి. ఆ మురుగు పక్క రైతు మడిలోకి పోకుండా చూడండి.

తర్వాత ఎకరాకు 10-12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనాలు చల్లి, పూత దశలో, సుమారు 45 రోజులకు కలియదున్నండి. జీలుగ చౌడును తట్టుకుంటుంది, దాని వేళ్లు నేలను గుల్ల చేస్తాయి. ఈ మెట్టు ఎవరూ వదలకూడదు.

నాటిన 2-4 వారాల్లో ఆకులపై తుప్పు రంగు మచ్చలు, పిలకలు తక్కువ: అది జింకు లోపం, కారు చౌడులో తప్పనిసరిగా చూసుకోవాలి. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకండి. పైరు మీదైతే లీటరు నీటికి 2 గ్రాములు పిచికారీ.

మూడో ఏడాది చౌడు మళ్లీ పైకొస్తే: బోరు నీటిని పరీక్షించండి. కార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లు పెట్టినంత కాలం సోడియం చేరుతూనే ఉంటుంది.