బాలింత నడుముకు బెల్టు ఎలా కట్టుకోవాలి? ఊపిరికి అడ్డం రాకుండా

కాన్పు అయిన మర్నాటి నుంచే మన ఇళ్లలో ఈ చర్చ మొదలవుతుంది. పాత నూలు చీర చింపి నడికట్టు కట్టాలంటుంది అమ్మమ్మ. మెడికల్ షాపులో బెల్టు కొనుక్కురమ్మంటుంది పిన్ని. ఎంత గట్టిగా బిగిస్తే పొట్ట అంత లోపలికి పోతుందన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. తకరారంతా ఆ మాటతోనే.

బెల్టు పొట్టను కరిగించదు. కాన్పు కాగానే బొడ్డు ఎత్తులో ఉండే గర్భసంచి రోజుకు దాదాపు ఒక వేలి వెడల్పు చొప్పున దిగుతూ, రెండు వారాలకల్లా కటి ఎముకల లోపలికి చేరుకుంటుంది. ఆరు వారాలకు దాదాపు మామూలు సైజుకు వస్తుంది. కట్టు కట్టినా కట్టకపోయినా ఇది జరిగేదే. మరి బెల్టు ఎందుకు? వదులైన పొట్ట కండరాలకు, నడుముకు, ఆపరేషన్ అయితే కుట్లకు కాస్త ఆసరా కోసం. అంతవరకే.

ఆ ఆసరా అవసరమైనవాళ్లు మన దగ్గర ఎక్కువే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. సిజేరియన్ తర్వాత బెల్టు వేసుకుంటే నొప్పి తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది, మరికొన్నింటిలో పెద్ద తేడా లేదు. కాబట్టి తప్పనిసరి అనుకోనక్కర్లేదు. లేచి నాలుగడుగులు వేయడానికి ధైర్యంగా ఉంటే వాడండి, ఉక్కగా చిరాగ్గా ఉంటే మానేయండి.

ముందు ఊపిరి సంగతి

ఊపిరితిత్తుల కింద గొడుగు ఆకారంలో డయాఫ్రమ్ అనే కండరం ఉంటుంది. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది, పొట్ట కొద్దిగా ముందుకు వస్తుంది. నిండు నెలల్లో బిడ్డ ఒత్తిడికి ఈ కండరం సుమారు 4 సెంటీమీటర్లు పైకి జరిగి ఉంటుంది. తొమ్మిదో నెలలో మెట్లెక్కితే ఆయాసం రావడానికి అదీ ఒక కారణం. కాన్పుతో దానికి మళ్లీ చోటు దొరుకుతుంది. దొరికిన చోటును పదిమంది బలమంతా పెట్టి బిగించిన గుడ్డతో మూసేస్తే ఏం లాభం?

పొట్టను నడిమధ్య నొక్కేస్తే ఆ ఒత్తిడి పైకైనా పోవాలి, కిందికైనా పోవాలి. పైకి పోతే ఊపిరి పైపైన, ఛాతీతోనే తీసుకోవాల్సి వస్తుంది. కిందికి పోతే మూత్రసంచిని, గర్భసంచిని మోసే అడుగు కండరాల మీద భారం పడుతుంది. కాన్పులో అసలే సాగిపోయిన కండరాలవి. దగ్గితే మూత్రం చుక్కలు పడటం, కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉండటం ఇక్కడి నుంచి వచ్చేవే. ఆపరేషన్ అయినవాళ్లు నొప్పికి భయపడి ఎలాగూ చిన్న చిన్న ఊపిరి తీస్తారు. అలా రోజుల తరబడి తీస్తే ఊపిరితిత్తుల కింది భాగాలు సరిగా విచ్చుకోవు, కఫం నిలుస్తుంది, ఒక్కోసారి న్యుమోనియా దాకా వెళ్తుంది. సరిగ్గా అమర్చిన బెల్టు ఊపిరిని పెద్దగా తగ్గించదని పొట్ట ఆపరేషన్లు అయినవాళ్ల మీద జరిగిన పరిశీలనల్లో తేలింది. ‘సరిగ్గా’ అన్నదే ముఖ్యం.

1. వేసుకోవచ్చో లేదో అడగండి

మామూలు కాన్పయితే, రక్తస్రావం అదుపులో ఉండి ఒంట్లో బాగుంటే ఒకటి రెండు రోజుల్లో మొదలుపెట్టవచ్చు. సిజేరియన్ అయితే కుట్లు చూసిన డాక్టరు సరేనన్నాకే. కుట్ల దగ్గర తడి, చీము, వాసన, ఎరుపు ఉంటే వద్దు. గర్భసంచి జారినవాళ్లు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, ఇప్పటికే ఆయాసపడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా కట్టుకోకూడదు.

2. సైజు చూసి కొనండి

పెళ్లికి ముందు నడుము కొలత చెప్పి కొనేవాళ్లున్నారు! ఇప్పటి పొట్ట చుట్టూ, బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. పెట్టె మీద అంగుళాల్లో ఉన్న సైజుతో పోల్చండి. రెండు సైజుల మధ్యలో పడితే పెద్దదే తీసుకోండి. సాగే గుడ్డతో ఉండి, ముందువైపు వెల్‌క్రోతో అంటించేది మేలు, ఎందుకంటే కూర్చున్నచోటే ఒక్క చేత్తో వదులు చేసుకోవచ్చు. హుక్కుల వరసతో ఉండే గట్టి కార్సెట్ల జోలికి పోవద్దు. అవి ఫొటోల కోసం, బాలింతల కోసం కాదు.

నూలు గుడ్డే కావాలంటే తప్పేం లేదు. మన ఎండలకు ఒక రకంగా అదే నయం. అయితే దాన్ని ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగి ముడేయకూడదు.

3. పడుకుని కట్టుకోండి

నిలబడి కడితే వదులు పొట్టంతా కిందికి జారి, దాని మీద బెల్టు పడుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. లోపల పలుచని నూలు బనియనో గుడ్డో ఉండాలి. వెల్‌క్రో, ఎలాస్టిక్ నేరుగా ఒంటికి తగిలితే ఒరిపిడి, పొక్కులు ఖాయం.

బెల్టు కింది అంచు తుంటి ఎముకల మీదికి రావాలి. పై అంచు పక్కటెముకల కిందే ఆగాలి. చాలామంది చేసే తప్పు దాన్ని పైకి, రొమ్ముల కిందిదాకా లాగడం. పక్కటెముకలు కదలకపోతే ఊపిరి ఆడదు. ఊపిరి మెల్లగా వదులుతూ, కింది నుంచి పైకి అంటించుకుంటూ రండి. కింద కాస్త బిగువు, పైకి వచ్చేకొద్దీ వదులు. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చి కట్టకండి, తర్వాత వదలడానికి చోటుండదు.

4. ఊపిరితో సరిచూడండి

కట్టుకున్నాక లేచి కూర్చోండి. రెండు వేళ్లు పై అంచులోకి సులువుగా దూరాలి. ముక్కుతో నిండుగా గాలి పీల్చండి. పొట్ట, పక్కటెముకలు రెండూ విచ్చుకోవాలి. భుజాలు పైకి లేస్తున్నాయంటే బిగువు ఎక్కువైనట్టే. ఆ తర్వాత మీ ఇంటి అడ్రసు మొత్తం ఆగకుండా చెప్పండి. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వదులు చేయండి. చివరగా దగ్గి చూడండి. దగ్గితే కింద బరువు పడినట్టో, మూత్రం వచ్చినట్టో అనిపిస్తే ఆ బెల్టు మీకు చేటు.

ఎదురుగా అత్తగారు నిలబడి “ఇంకొంచెం లాగమ్మా” అంటున్నా సరే, ఈ నాలుగూ సరిపోతేనే ఉంచుకోండి. ఎంత బిగువో చెప్పాల్సింది కట్టేవాళ్లు కాదు, కట్టుకున్నవాళ్ల ఊపిరి.

5. తీసేసే వేళలు

లేచి తిరిగేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, ప్రయాణంలో వేసుకోండి. పడుకునేటప్పుడు తీసేయండి. భోజనం చేసేటప్పుడు వదులు చేయండి, లేకపోతే గుండెల్లో మంట వస్తుంది. పాలిచ్చేటప్పుడు ముందుకు వంగి కూర్చుంటాం కదా, బెల్టు పైకి జారి పక్కటెముకల మీదికి ఎక్కుతుంది. అప్పుడూ తీసేయడమే సుఖం. మొదటిరోజు గంటతో మొదలుపెట్టి చూడండి. ఎంతసేపు వేసుకున్నా రెండు మూడు గంటలకోసారి తీసి, చెమట తుడిచి, కుట్లు చూసుకోవాలి. రెండు బెల్టులుంటే ఒకటి ఉతికి నీడన ఆరేయవచ్చు.

6. బెల్టు లేకుండా ఊపిరి సాధన

ఇది లేకుండా బెల్టు ఒక్కటే వాడటం సగం పనే. పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో మెల్లగా పీల్చండి, పొట్ట మీది చెయ్యి లేవాలి. పెదాలు సున్నాలా చుట్టి ఇంకా మెల్లగా వదలండి. వదులుతున్నప్పుడు మూత్రం ఆపుకున్నట్టుగా కింది కండరాలను పైకి బిగించండి, పీల్చేటప్పుడు వదిలేయండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు ఐదుసార్లు చాలు. ఆపరేషన్ అయినవాళ్లకు ఆసుపత్రిలో మూడు బంతుల స్పైరోమీటర్ (గాలి పీల్చి బంతులు లేపే పరికరం) ఇచ్చి ఉంటే అటక మీద పెట్టేయకండి, వాడండి.

దగ్గు వస్తే ఆపుకోవద్దు. కుట్ల మీద దిండు హత్తుకుని, నోరు తెరిచి ‘హా’ అంటూ గాలిని బలంగా వదలండి. కఫం కదులుతుంది, కుట్లు గుంజవు. మంచం దిగేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకు తిరిగి, చెయ్యి ఊని లేవండి.

ఊపిరి గురించి ఇంత చెప్పుకుని పొగ మాట వదిలేస్తే ఎలా? తలుపులు మూసిన గదిలో మంచం కింద నిప్పుల కుంపటి, సాంబ్రాణి పొగ పెట్టడం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది తల్లికీ, పసిబిడ్డకూ ప్రమాదమే. వెచ్చదనానికి దుప్పటి ఉంది, తల ఆరడానికి ఎండ ఉంది.

ఆయాసం వస్తే

ముందు బెల్టు విప్పండి. పది నిమిషాల్లో సర్దుకుంటే తప్పు బిగువుది. నాలుగడుగులకే ఆయాసం, నీరసం, ముఖం పాలిపోవడం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది, కాన్పులో పోయిన రక్తం దానికి తోడవుతుంది.

కొన్నిటికి ఆగి చూడటం పనికిరాదు. ఉన్నట్టుండి ఊపిరి అందకపోవడం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం: ఇవి రక్తం గడ్డకట్టిందనడానికి గుర్తులు కావచ్చు. కాన్పు తర్వాత ఆరు వారాలు ఈ ముప్పు ఎక్కువ. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండ్ల మీద దిండ్లు వేసుకోవాల్సి రావడం, రెండు కాళ్లూ వాయడం గుండె బలహీనపడిందని చెప్పవచ్చు. ఇది కాన్పయిన ఐదు నెలల దాకా కూడా రావచ్చు. ఆయాసంతో పాటు విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే బీపీ పెరిగి ఉండవచ్చు. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే పెట్టి చూడండి. ఆక్సిజన్ 95 శాతం కన్నా తక్కువ చూపిస్తున్నా, కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి 24 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అంకె బాగుంది కదా అని మాత్రం పై లక్షణాలను పక్కన పెట్టకండి.

7. మెల్లగా మానేయండి

ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. నాలుగో వారం నుంచే వేళ తగ్గిస్తూ రండి, లేకపోతే పొట్ట కండరాలు సొంతంగా పనిచేయడం మానేసి బెల్టు మీదే ఆధారపడతాయి. ఎనిమిది వారాలయ్యాక పడుకుని మోకాళ్లు మడిచి, తల కొద్దిగా ఎత్తి, బొడ్డు పైనా కిందా మధ్య గీత మీద వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి. రెండు వేళ్ల వెడల్పుకు మించి సందు తగులుతున్నా, తల ఎత్తినప్పుడు అక్కడ ఉబ్బెత్తుగా లేస్తున్నా మళ్లీ బెల్టు బిగించకండి. ఫిజియోథెరపిస్టును కలవండి. ఆ సందుకు వ్యాయామాలు వేరే ఉంటాయి.