బోనులోంచి పెరట్లోకి: లేయర్ కోళ్లను తెచ్చుకునేవాళ్లకు

లేయర్ ఫారంలో, అంటే గుడ్ల కోసమే కోళ్లను పెంచే చోట, కోడి సుమారు 18–20 వారాల వయసులో గుడ్లు మొదలుపెడుతుంది. 72 వారాలు దాటాక, కొన్నిచోట్ల 80, 90 వారాల దాకా చూసి, షెడ్డు మొత్తం ఒక్కసారే ఖాళీ చేసేస్తారు. అప్పటికి కోడికి ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లలోపు. గుడ్లు ఆగిపోయాయని కాదు, తినే దాణాకీ వచ్చే గుడ్లకీ లెక్క కుదరదని. బాగా చూసుకుంటే అది ఇంకొన్నేళ్లు హాయిగా బతకగలదు. అలాంటి కోళ్లను తెచ్చుకోవడం, నా పెరట్లో పట్టని వాటికి మంచి ఇళ్లు వెతకడం చాలాకాలంగా నేను చేస్తున్న పని.

కొత్తవాళ్లు నన్ను మొదట అడిగేది ఈకల గురించే. "ఒళ్లంతా బోసిగా ఉంది, ఏం రాయాలి?" అంటారు. ఏమీ రాయక్కర్లేదు, ఈకలు వస్తాయి. నాకు బెంగ కంటికి కనిపించని ఎముకల గురించి. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు పెట్టే కోడికి దాణాలో వచ్చే కాల్షియం చాలనప్పుడు, రాత్రిపూట పెంకు తయారయ్యే వేళ తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. పైగా బోనులో నడక లేదు, రెక్క చాపడం లేదు. బ్యాటరీ బోనులనే పాతరకం ఇరుకు తీగ బోనుల వరసల్లో ఒక్కో కోడికి ఏ4 కాగితమంత చోటు కూడా దక్కదు. యూరోపియన్ యూనియన్ ఆ రకం బోనుల్ని 2012 జనవరి 1 నుంచి నిషేధించింది కానీ, చాలా దేశాల్లో ఇప్పటికీ అవే. కదలిక లేని ఎముక గట్టిపడదు. రొమ్ము ఎముక ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కున్న కోళ్లు చాలా కనిపిస్తాయి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పే చాలా ఏర్పాట్లు ఎందుకో మీకే అర్థమవుతుంది.

తెచ్చేముందు

మీరుండే చోట ఇంటి దగ్గర కోళ్లు పెంచుకోవడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. బర్డ్ ఫ్లూ వల్ల కోళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడం మీద ఆంక్షలేమైనా ఉన్నాయా అనేది కూడా చూసుకోండి. కోళ్లను చూసే వెటర్నరీ డాక్టరు ఎవరో ముందే తెలిసి ఉండాలి. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ కోళ్లను చూడరు. అవసరం పడ్డ రోజున వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది.

ఒక్క కోడిని మాత్రం తేవద్దు. కనీసం మూడు, వీలైతే ఒకే బోనులో ఉన్నవి తెచ్చుకోండి. బయట అన్నీ కొత్తగా ఉన్నప్పుడు పక్కనున్న తెలిసిన కోడే వాటికి ధైర్యం. గుడ్ల కోసమే అయితే ఈ పని పెట్టుకోవద్దని సూటిగా చెబుతాను. గుడ్లు వస్తాయి, తగ్గుతాయి, ఒకరోజు ఆగిపోతాయి. ఆ తర్వాత కూడా కోడికి దాణా, నీడ, వైద్యం కావాలి.

ఫారం యజమానితో మాట్లాడేటప్పుడు మర్యాదగా, తక్కువగా మాట్లాడండి. ఆయన్ని నిలదీయడానికి వెళ్తే గేటు తెరవరు, ఆ నష్టం కోళ్లకే. కోళ్ల వయసెంత, ఏ టీకాలు వేశారు, ఏ దాణా పెడుతున్నారు, షెడ్డులో రోజుకి ఎన్ని గంటలు లైట్లు వేస్తున్నారు అనేవి అడిగి రాసుకోండి. కుదిరితే అదే దాణా కొంత తెచ్చుకోండి.

గూడు: అన్నీ కిందికే

మామూలు కోళ్ల గూళ్లలో ఎక్కి పడుకునే కర్ర ఎత్తుగా ఉంటుంది. వీటికి అలా వద్దు. మొదట్లో 20–30 సెంటీమీటర్ల ఎత్తుకి మించకుండా, అంచులు గుండ్రంగా చెక్కిన, 4–5 సెంటీమీటర్ల వెడల్పున్న కర్ర పెట్టండి. పైనుంచి దూకితే బలహీనమైన ఎముక విరుగుతుంది. గూటికి మెట్టు కాకుండా వాలుగా పలక వేయండి. కింద రంపపు పొట్టో, ఎండుగడ్డో మందంగా పరవండి. గుడ్ల పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటే చాలు. నాలుగు కోళ్లకి ఒకటి సరిపోతుంది, అది కూడా నేలకి దగ్గరగానే.

రాత్రి కాపలా విషయంలో రాజీ పడకండి. కోళ్ల వల అని అమ్మే పలచటి తీగ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది కానీ, కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. సుమారు 13 మిల్లీమీటర్ల కన్నాలున్న గట్టి వెల్డ్ మెష్ కొనండి, అంచుల్ని 30 సెంటీమీటర్ల దాకా నేలలోకి దించండి. పైకప్పు కిందుగా గాలి ఆడాలి, కానీ పడుకున్న కోడికి సూటిగా తగలకూడదు.

పట్టుకోవడం, తీసుకురావడం

ఫారాల్లో కాళ్లు పట్టి తలకిందులుగా మోస్తారు. మీరు అలా చేయొద్దు, ఎవర్నీ చేయనివ్వొద్దు. రెండు అరచేతులతో రెక్కల్ని ఒంటికి అదిమి, మెల్లగా ఎత్తి, ఒక చెయ్యి కాళ్ల కిందికి తెచ్చి రొమ్ముకి ఆన్చుకోవాలి. గోళ్లు బాగా పెరిగి తీగల్లో ఇరుక్కుని ఉండొచ్చు. లాగకుండా వేలితో విడిపించండి. గాలి ధారాళంగా వచ్చే పెట్టెలో, జారకుండా కింద గడ్డి వేసి, చల్లటి వేళ తీసుకురండి.

మొదటి రోజులు

ఇంటికి తేగానే పెరట్లో వదిలేయాలని చేతులు పీకుతాయి. కాస్త ఆగండి. నేరుగా గూట్లోనే దించండి, నీళ్లు, దాణా పక్కనే పెట్టండి. నీళ్ల దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ఫారంలో అవి నిపుల్ డ్రింకర్‌ని ముక్కుతో పొడిచి చుక్కచుక్కగా తాగి పెరిగాయి. గిన్నెలో నిలవున్న నీళ్లు తాగేవని వాటికి తెలియదు, గిన్నె ముందు నిలబడే దాహంతో ఉంటాయి. వేలిని ముంచి, గిన్నె పైనుంచి చుక్కలు రాలేలా చేయండి. మెరిసే చుక్కని పొడవడానికి వచ్చి ముక్కు ముంచుతాయి. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి తాగుతాయి. మామూలుగా ఒక్కో కోడి రోజుకి 200–250 మిల్లీలీటర్లు తాగుతుంది, ఎండ ముదిరితే అంతకి రెట్టింపు.

చీకటి కూడా వాటికి కొత్తే. షెడ్డులో రోజుకి 14–16 గంటలు లైట్లు వెలుగుతాయి, తర్వాత టక్కున ఆరిపోతాయి. మెల్లగా వాలే సాయంత్రాన్ని అవి ఎరగవు. పొద్దుగూకినా గూట్లోకి వెళ్లాలని తోచక ఒక మూల గుమిగూడతాయి. ఒక్కొక్కదాన్నే ఎత్తి లోపల పెట్టండి. కొన్నాళ్లకి అవే వెళ్తాయి. మీరు మాత్రం గూట్లో అదనంగా లైటు పెట్టొద్దు. పగటి వెలుగు తగ్గినప్పుడు గుడ్లు ఆగి, ఈకలు రాలి కొత్తవి రావడం వాటి ఒంటికి దొరికే సెలవు.

బోసి చర్మం ఎండకి కమిలిపోతుంది, వానకి తడిస్తే చలిపట్టేస్తుంది. నీడా, పైన కప్పూ తప్పనిసరి. కోళ్లకి స్వెటర్లు తొడిగిన ఫొటోలు చూసి ముచ్చటపడేవాళ్లున్నారు. నేను వద్దనే అంటాను. ఈకల్ని ముక్కుతో సవరించుకోవడానికి అడ్డం, కొత్త ఈక మొలవడానికి ఒరిపిడి, పేలకి దాక్కునే చోటు. కొత్త ఈకలు ముళ్లపంది ముళ్లలా గొట్టాలుగా పొడుచుకొస్తాయి. వాటిలో రక్తం ఉంటుంది, తగిలితే నొప్పి. ఆ రోజుల్లో చేతుల్లోకి ఎత్తుకోవడం తగ్గించండి. రక్తం కారితే ఆ కోడిని వెంటనే విడిగా ఉంచండి. ఎర్రగా కనిపించిన చోటల్లా మిగతావి పొడుస్తాయి.

ఇక, పక్కన కూర్చుని చూడాల్సినది ఒకటుంది. ఒక వెడల్పాటి తొట్టిలో పొడి మట్టి, ఇసుక, కొంచెం కట్టెల బూడిద కలిపి పెట్టండి. మట్టిలో పొర్లాలనే కోరిక బోనులో కూడా కోడికి చావదు. మట్టి లేకపోయినా ఇనప తీగల మీదే కూలబడి, ఏదో ఒంటిమీద పోసుకుంటున్నట్టు రెక్కలు ఆడిస్తుంది. ఇక్కడికి వచ్చిన కొన్ని రోజులకి ఏదో ఒకటి ఆ తొట్టిలోకి దిగుతుంది. మట్టిని ముక్కుతో తనవైపు లాక్కుంటుంది. గోళ్లతో గీరి, ఆగి, చుట్టూ చూస్తుంది. తర్వాత కూలబడి, పక్కకి ఒరిగి, ఒక కాలు చాపి, మెడని నేలకి రుద్దుతూ, కళ్లు సగం మూసి ఒళ్లంతా విదిలిస్తుంది. మట్టి లేచి వీపు మీద పడుతుంది. కాసేపు చచ్చినట్టు కదలకుండా పడుంటుంది. కోడికి ఫిట్స్ వచ్చాయని కంగారుపడి నాకు ఫోన్ చేసేవాళ్లు చాలామంది. దాన్ని కదిలించకండి. అరగంట అలాగే ఉన్నా ఉండనివ్వండి. ఒంటి మీది పాత జిడ్డూ, పేలూ వదిలేది అలాగే. లేచి దులుపుకున్నాక ఆ కోడి నడకే వేరుగా ఉంటుంది.

మేత

లేయర్ దాణానే కొనసాగించండి. 16–17 శాతం ప్రొటీన్, 3.5–4 శాతం కాల్షియం ఉన్నది సరిపోతుంది. ఒక్కో కోడి రోజుకి 100–120 గ్రాములు తింటుంది. పొడి దాణాకి అలవాటు పడ్డది గుళికల్ని మేతగా గుర్తించదు, మార్చాలంటే కలుపుతూ నెమ్మదిగా మార్చండి. చాలావాటికి చిన్నప్పుడే ముక్కు కొన కత్తిరించి ఉంటారు. పై ముక్కు పొట్టిదైతే నేల మీద చల్లిన గింజ అందదు, కాబట్టి లోతున్న పాత్రలో పోయండి. ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచండి. కావాల్సినంత అవే తీసుకుంటాయి. గడ్డి, ఆకులు తినడం మొదలుపెట్టాక చిన్న గులకరాళ్లు కూడా కావాలి, కందనకాయలో మేతని నూరేవి అవే. పొడవాటి గడ్డి మాత్రం వద్దు, మెడ కింద ఉండే మేత సంచిలో ఉండ చుట్టుకుని అడ్డం పడుతుంది. జాలిపడి ఇంట్లో మిగిలినవన్నీ పెట్టకండి. ఏ తాయిలమైనా రోజు మేతలో పదో వంతుకి మించకూడదు. ఉప్పు ఎక్కువైనవి, బూజు పట్టినవి, అవకాడో, చాక్లెట్, ఉడకని ఎండు చిక్కుడు గింజలు అసలే వద్దు.

రోజూ చూడాల్సినవి

కాళ్లకి రంగు రింగులు వేసి, పేర్లు పెట్టి, ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పేరుంటే ప్రతిదాన్నీ విడివిడిగా గమనిస్తాం. పొద్దున్నే మేత పెట్టకముందే మెడ కింద మేత సంచిని తడిమి చూడండి, ఖాళీగా ఉండాలి. ఇంకా నిండుగా, గట్టిగా ఉంటే మేత కదలడం లేదని అర్థం. తల మీది జుట్టు షెడ్డులోంచి వచ్చినప్పుడు పాలిపోయి, పెద్దగా, ఒక పక్కకి వాలి ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ చిన్నదై ఎర్రబడుతుంది. ఎర్రబడ్డది మళ్లీ పాలిపోయినా, నీలం తిరిగినా డాక్టరుకి చూపించండి. రెట్టలో రక్తం కనిపిస్తే ఆ రోజే వెళ్లండి. తీగల మీద బతికిన కోళ్లకి రెట్ట తగిలిన నేలతో పెద్దగా పరిచయం లేదు, కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు, పురుగులు తేలిగ్గా పట్టుకుంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది గుడ్డు జబ్బులు. పెంకు గట్టిపడని తోలు గుడ్లు ఎప్పుడో ఒకటి పడితే పర్వాలేదు. కోడి తోక కిందికి దించి, నిటారుగా నిలబడి, మాటిమాటికీ ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. వెచ్చగా, నిశ్శబ్దంగా ఉండే చీకటి చోట పెట్టి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీరే నొక్కి తీయాలని చూస్తే లోపల గుడ్డు పగిలి ప్రాణం మీదికి వస్తుంది. పొట్ట నీటి తిత్తిలా ఉబ్బితే లోపల పచ్చసొన చేరి ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు, లేదా అండాశయ క్యాన్సర్ కావొచ్చు. కోళ్లలో ఈ క్యాన్సర్ ఎంత తరచుగా వస్తుందంటే, మనుషుల అండాశయ క్యాన్సర్ మీద పరిశోధనకి కోళ్లను ఎంచుకుంటారు. గుడ్లు పెట్టడం కొన్ని నెలలు ఆపే హార్మోన్ ఇంప్లాంట్లు కొందరు డాక్టర్లు వేస్తారు, అడిగి చూడండి. నయం కాదని డాక్టరు చెప్పినప్పుడు నొప్పి లేకుండా నిద్రపుచ్చడం కూడా మనం ఒప్పుకున్న బాధ్యతలోదే. మందులు వాడుతున్న రోజుల్లో ఆ గుడ్లు తినొచ్చా లేదా అన్నది డాక్టరునే అడగండి.

రక్తం పీల్చే ఎర్ర నల్లులు పగలు చెక్క సందుల్లో దాక్కుని రాత్రి పనిపడతాయి. కోళ్లు పడుకునే కర్ర అడుగున తెల్ల కాగితంతో తుడవండి. ఎర్రటి చారలు పడితే ఉన్నట్టే. కోళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. మనుషులకి విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న కోడి నుంచి కూడా రావొచ్చు. చిన్నపిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

పాత కోళ్లు ఉంటే, ఇంకొకరికి ఇస్తుంటే

కొత్తవాటిని నెల రోజులు పూర్తిగా వేరుగా ఉంచండి. తర్వాత మధ్యలో వల పెట్టి, ఒకదాన్నొకటి చూసుకునేలా కొన్ని రోజులు ఉంచి, ఆపైన కలపండి. నార్వేకి చెందిన తోర్లైఫ్ షెల్డెరుప్-ఎబ్బే వందేళ్ల కిందటే కోళ్ల మధ్య ఎవరు ఎవర్ని పొడవొచ్చో ఒక వరుస ఉంటుందని గమనించి రాశాడు. ఆ వరుస తేలేదాకా కొంత పోట్లాట తప్పదు. రక్తం వస్తే మాత్రం విడదీయాలి. దాణా, నీళ్లు రెండు మూడు చోట్ల పెడితే గొడవ చాలావరకు తగ్గుతుంది.

నేను కోళ్లను ఎవరికైనా ఇచ్చేముందు గూడు కళ్లారా చూస్తాను. ఊరెళ్లినప్పుడు ఎవరు చూస్తారు, జబ్బు చేస్తే ఏ డాక్టరు, గుడ్లు ఆగిపోయాక ఏం చేస్తారు అని అడుగుతాను. చివరి ప్రశ్నకి జవాబు నసిగితే ఇవ్వను. అమ్మకూడదని, ఉంచుకోలేకపోతే నాకే తిరిగివ్వాలని రాయించుకుంటాను. ఉన్నవాటిలో ఒక్కటే మిగిలిపోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే రెండిస్తాను. ఒక్కటే కొత్తదైతే పాతదాని కోపమంతా దాని మీదే పడుతుంది.