అభిషేకానికి ముందు సంఘ చరిత్ర, పరిపాలన ఎలా చదవాలి?

పాస్టర్‌గా అభిషేకించే ముందు చర్చి పెద్దలు జరిపే ఆర్డినేషన్ ఇంటర్వ్యూ అనగానే మన పాలమూరు, నల్లగొండ వైపు అభ్యర్థులు బైబిల్ ప్రశ్నలకే ప్రిపేర్ అవుతారు. రోమా పత్రిక సారాంశం అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతారు. "మీ దగ్గర పాస్టర్‌ను బదిలీ చేసే అధికారం ఎవరిది?" అంటే మాత్రం టెన్షన్ మొదలు. చరిత్రను, నియమావళిని వేర్వేరుగా బట్టీ పట్టడమే దీనికి కారణమని నా అభిప్రాయం. చాలా నిబంధనల వెనక ఎప్పుడో జరిగిన ఒక సంగతి ఉంటుంది. రెండింటినీ జత కలిపి చదవండి.

మొదట మీ సంఘం ఏ దారిన వచ్చిందో రాసుకోండి. మన ప్రాంతంలో ఇది అనుకున్నంత తేలిక కాదు. తెలుగువాళ్ల మధ్య అమెరికన్ బాప్టిస్టు పని 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. 1890 ప్రాంతంలో నల్లగొండలో ఆ మిషన్ తరఫున పని ప్రారంభించిన అబ్రహాం ఫ్రీసన్ మాత్రం బాప్టిస్టు కాదు, రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్. 1860లో రష్యా సామ్రాజ్యంలో పుట్టిన శాఖ అది. అదే శాఖకు చెందిన అమెరికా మిషనరీలు 1899లో వచ్చి హైదరాబాద్, నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి వైపు విస్తరించారు. 1937లో బాప్టిస్టులు మహబూబ్‌నగర్ క్షేత్రాన్ని వాళ్లకు అప్పగించారు. అందుకే పాలమూరులో ఒకే సంఘం చరిత్ర ఒక మిషన్ కింద మొదలై ఇంకో మిషన్ కింద కొనసాగడం చూస్తారు. ఈ మలుపులను నోట్‌బుక్‌లో ఒక పేజీలో, ఏ ఏడాది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికో గీతలు గీసి పెట్టుకోండి.

ఈ పేజీని దొరల పేర్లతోనే నింపొద్దు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చెప్పేటప్పుడు మిషనరీ జాన్ క్లౌ పేరు అందరూ తలుస్తారు. అంతకు ముందే ఊరూరా తిరిగిన మాదిగ విశ్వాసి యెర్రగుంట్ల పేరయ్యను ఎంతమంది తలుస్తారు? అప్పట్లో కరువు వచ్చింది, ఆ కరువు సహాయ పనులు ముగిసేదాకా క్లౌ బాప్తిస్మాలు ఆపిన సంగతి కూడా రాసుకోండి. తిండి కోసం చేరారన్న మాట ఇవాళ్టికీ వినిపిస్తుంది, జవాబు మీ దగ్గర ఉండాలి.

తర్వాత ఐదు ప్రశ్నలు వేసుకోండి. పాస్టర్‌ను ఎవరు పిలుస్తారు? ఎవరు తొలగిస్తారు? బాప్తిస్మం ఎవరికి, ఎలా? ఆస్తి ఎవరి పేరున ఉంది? గొడవ వస్తే చివరి మాట ఎవరిది? మూడు నిలువు గడులు గీసి బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరన్, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పద్ధతులను పక్కపక్కన రాయండి. బాప్టిస్టుల్లో స్థానిక సంఘ సభ్యుల నిర్ణయానికే ప్రాధాన్యం, సంఘాల కూటమి అయిన అసోసియేషన్ సలహా ఇస్తుంది. మెన్నొనైట్ బ్రదరన్‌లో సంఘం, ఫీల్డ్ అసోసియేషన్, కాన్ఫరెన్స్, దాని గవర్నింగ్ కౌన్సిల్ వరుసగా ఉంటాయి. సీఎస్‌ఐలో పాస్టరేట్ కమిటీ, డయాసిస్ (బిషప్ పరిధిలోని ప్రాంతం) కౌన్సిల్, అన్నిటికీ పైన సినడ్ ఉంటాయి. అభిషేకం బిషప్ చేతుల మీదుగా, ముందు డీకన్‌గా, తర్వాత ప్రెస్బిటర్‌గా (పూర్తి స్థాయి పాస్టర్‌గా). 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు, బిషప్ అలవాటు లేనివాళ్లు కూడా ఆ పదవికి ఒప్పుకున్నారు. అది తెలిస్తే, బిషప్‌తో పాటు కౌన్సిళ్లకు ఇన్ని అధికారాలు ఎందుకు ఇచ్చారో అర్థమవుతుంది.

నియమావళి తాజా ప్రతి సంపాదించండి. పాత జిరాక్స్‌ను నమ్ముకోవద్దు. సవరణలతో కూడినదే ఇమ్మని ఆఫీసులో అడగండి. సభ్యత్వం, ఓటు హక్కు, క్రమశిక్షణ అధ్యాయాలు రెండుసార్లు చదవండి. మిగతావి ఒకసారి చాలు.

ఇక మీ ఊరి సంఘం కాగితాలు. నా లెక్కలో అసలు చదువు ఇక్కడే. పెద్దల అనుమతితో మినిట్స్ బుక్, బాప్తిస్మ రిజిస్టర్ చూడండి. పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, ఎవరు ఇచ్చారు అని సాగే వరుసల్లో ఏ పల్లె నుంచి ఎప్పుడు కుటుంబాలు వచ్చాయో మెల్లగా తేలుతుంది. నిజాం కాలం నాటి స్థలం దస్తావేజులు ఉర్దూలో, ఫస్లీ (అప్పటి రెవెన్యూ లెక్కల) సంవత్సరంతో ఉండొచ్చు. ఫస్లీకి 590 కలపండి, ఒక ఏడాది అటూ ఇటూగా క్రీస్తు శకం వస్తుంది: 1350 ఫస్లీ అంటే 1940-41. ఉర్దూ చదవడానికి పాత రెవెన్యూ ఉద్యోగి ఎవరైనా ఉంటే పట్టుకోండి. దస్తావేజుల ఫొటోలు మాత్రం వాట్సాప్‌లో తిప్పొద్దు, వాటి మీద కేసులు నడుస్తుండొచ్చు.

రిటైరైన అయ్యగార్లను, పాత మిషన్ స్కూల్ టీచర్లను, బైబిల్ స్త్రీల (ఇంటింటికీ వెళ్లి బైబిల్ బోధించిన మహిళల) కుటుంబాలను కూడా కలవండి. వాళ్లు చెప్పిన తేదీని రిజిస్టర్‌తో సరిచూసుకోండి. చీలికల సంగతి వస్తే రెండు పక్షాల మాటా వినండి. ఇంటర్వ్యూలో ఏం జరిగిందో చెప్పండి, ఎవరిది తప్పో తేల్చే పని మీది కాదు.

చివరి వారం కొత్తగా ఏమీ చదవొద్దు. ఒక అయ్యగారిని కూర్చోబెట్టి ఆ ఐదు ప్రశ్నలూ అడిగించుకోండి. నియమావళిలో మీకు మింగుడుపడనిది ఏదైనా ఉంటే అప్పుడే ఆయన ముందు బయటపెట్టండి. అభిషేకం రోజు దానికి కట్టుబడతానని అందరి ఎదుట మాట ఇవ్వాల్సింది మీరే.